చదరపు డబ్బా, వంపు కమాన్

వెల్డింగ్ పొగలో ఇక నిలబడవద్దని డాక్టరు చెప్పేనాటికి నాకు ముప్పై మూడేళ్ళు. ఆ వయసులో రిటైరయ్యానంటే మా బస్తీలో నవ్వుతారు. నవ్వనివ్వండి. ఉప్పుగూడ స్టేషనుకు అవతల, ట్రైలర్ల మీద కానోపీలు కట్టే షెడ్డులో పదేళ్ళు చేశాను. చెప్పిన చోటికి వెళ్ళి కొలతలు తేవడం, వాటిని బట్టి బొమ్మ గీయడం నా పని. ఇప్పుడు అదే పనిలో చేరబోతున్న ఇద్దరు అమ్మాయిలు, పాలిటెక్నిక్ ముగించినవాళ్ళు, ఏమేం తెలుసుకోవాలో అడుగుదామని మా ఇంటికి వచ్చారు. వాళ్ళ ఎదుట అరగంట కూర్చుని నేను పలికింది "టీ తాగండి" అన్న ముక్క ఒక్కటే. అందుకని రాసి ఇస్తున్నాను.

ఎవరు ఎప్పుడు సూపర్‌వైజర్ అయ్యారో, కాగితాలు ఎలా నింపాలో ఇందులో ఉండదు. అవి వారంలో వచ్చేస్తాయి. రానివి వేరే ఉన్నాయి.

కింది నుంచి పైకి

కొత్తగా వచ్చినవాళ్ళెవరూ ట్రైలరును కింది నుంచి చూడరు. కొనేవాళ్ళు అసలే చూడరు. ఎవరో పంపిన ఫోటో ఫోనులో చూపిస్తారు. ఏ దేశానిదో తెలియదు. నల్లగా మెరిసే డబ్బా, వెనక ఇసుక దిబ్బలు. "గిట్ల గావాలె" అంటారు. ఆ బండి తిరగబోయేది రెండు స్కూటర్లు ఎదురుపడితే ఒకటి వెనక్కి పోవాల్సిన గల్లీలో.

కింద ఉండేది చాసీ, అంటే ఇనుప చట్రం. దానికి యాక్సిల్, చక్రాలు, స్ప్రింగు పట్టీలు. ముందు వైపు లాగే బండికి తగిలించే కొక్కెం. కొక్కెం విప్పాక ముక్కు నేలకు ఆనకుండా నిలబెట్టే చిన్న చక్రం. వీటిలో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా పైన కట్టిందంతా వృథా. అయినా కొనేవాడు వీటివైపు వంగి చూడడు. ప్యాంటు మోకాలి దగ్గర నలుగుతుందని.

చట్రం మీద కానోపీ. నిలువు కాళ్ళు, అడ్డ గొట్టాలు కలిపి వెల్డింగ్ చేసిన పంజరం అనుకోండి. దాని మీద రివెట్లతో బిగించిన రేకు. పక్కన పైకి లేచే రెక్క. రెక్కను పట్టుకునే కబ్జాలు, అంటే మడతబందులు, లేపిన రెక్కను పడిపోకుండా నిలబెట్టే గ్యాస్ షాకర్లు. అంచుల వెంట రబ్బరు బీడింగ్.

ఈ రబ్బరు గురించి ఎవరూ మాట్లాడరు. నేనూ మొదటి ఏడాది మాట్లాడలేదు. నా మొదటి బొమ్మలో కప్పు చదునుగా గీశాను. రబ్బరు బాగా వేయించాను, లోపలికి చుక్క రాకూడదని. చుక్క రాలేదు. వాన నీళ్ళన్నీ కప్పు మీదే నిలిచాయి. మర్నాడు పొద్దున్నే చెరకు రసం అమ్మే ఆయన రెక్క ఎత్తగానే బకెట్టు నీళ్ళు ఆయన మెడలోంచి చొక్కాలోకి దిగాయి. తడి బట్టలతోనే షెడ్డుకు వచ్చి నిలబడ్డాడు.

"నీళ్ళు లోపటికి రావద్దన్న గని, నా మీదికి పంపుమన్ననా అమ్మా?"

అప్పటినుంచి కప్పును వెనక్కి ఒక అంగుళం వాలుగా, కబ్జాల మీద సన్నటి తూముతో గీస్తూ వచ్చాను. ఏ పుస్తకంలోనూ ఇది నాకు కనిపించలేదు. ఆ చొక్కాలో కనిపించింది.

పని నేర్పినవాడు షెడ్డులో పెద్ద ఫిట్టర్ గౌస్ భాయ్. వేలికున్న ఉంగరంతో రేకు మీద కొట్టుకుంటూ డబ్బా చుట్టూ తిరిగేవాడు. ఎక్కడ రివెట్ పట్టలేదో శబ్దాన్ని బట్టి చెప్పేవాడు. "మనిషి అబద్ధం చెప్తడు మేడం, రేకు చెప్పది" అనేవాడు. ఆయన మాటల్లో నేను రాసుకోదగ్గది అదొక్కటే కాదు గాని, మిగిలినవి ఎక్కువగా షెడ్డు యజమాని, మా సేటు గురించి.

రకాలు

టార్పాలిన్ గూడు అన్నిటికంటే తేలిక. వంచిన గొట్టాల మీద తాడుతో కట్టిన గుడ్డ. టెంట్ హౌసువాళ్ళకు, కూరగాయలవాళ్ళకు ఇంతకంటే మంచిది లేదు. అయినా దాన్ని అడిగేవాళ్ళు గొంతు తగ్గించి అడుగుతారు, ఏదో తప్పు చేస్తున్నట్టు.

రెండోది రేకు డబ్బా. నాలుగు వైపులా మూత, వెనక తలుపు. పనిముట్లు పెట్టుకునేవాళ్ళకు సరిపోతుంది. మూడోది రెక్కల డబ్బా. పక్క గోడే పైకి లేచి నీడ అవుతుంది, కింద బల్ల తెరుచుకుంటుంది. టిఫిన్లు, జ్యూసులు అమ్మేవాళ్ళంతా దీనికే వస్తారు. నాలుగోది లేచే కప్పు. దారిలో పొట్టిగా ఉండి, నిలబెట్టాక పైకి లేస్తుంది. చూడ్డానికి గొప్పగా ఉంటుంది. ఆర్నెల్లకు ఒక మూల ఇరుక్కుని మూడు మూలలే లేస్తాయి. దాన్ని కొన్నవాళ్ళు మాత్రం అది బాగుందనే చెబుతారు. బాగాలేదని చెబితే కొన్న తెలివి బయటపడుతుంది కదా.

ఇక భుజాలు కోసిన డబ్బా. కప్పు రెండు అంచులూ ఏటవాలుగా ఉంటాయి. మా సేటు దీనికి ఏరో మోడల్ అని పేరు పెట్టాడు. "గాలిని కోస్తది సార్" అని అందరికీ అమ్మాడు. గూడ్స్ ఆటో వెనక, స్పీడు బ్రేకరుకు స్పీడు బ్రేకరుకు మధ్య నడిచే బండి కోసేటంత గాలి ఎక్కడుందో ఎవరూ అడగలేదు. విశాలమైన రోడ్లున్న కాలనీలవాళ్ళు కూడా కొనుక్కున్నారు. దాని పుట్టుక నాకు తెలుసు. అది గాలి కోసం పుట్టలేదు. నా తప్పులోంచి పుట్టింది.

శ్రీశైలం అన్న చెయ్యి

మా సేటు పేరు శ్రీశైలం. షెడ్డులో అందరం అన్న అనేవాళ్ళం. వాళ్ళది పాల వ్యాపారం చేసే ఇల్లు. ఆయన బర్రెల్ని వదిలి ఇనుములోకి వచ్చాడు. టేపు ముట్టుకోగా నేను చూడలేదు. గేటు కింద నిలబడి చెయ్యి పైకెత్తేవాడు. "వేళ్ళు తాకితే ఏడున్నర. తాకకుంటే ఎనిమిది." ఏడున్నరకూ ఎనిమిదికీ మధ్య ప్రపంచంలో ఏమీ లేదు ఆయనకు. విచిత్రమేమిటంటే పదిలో ఎనిమిది సార్లు ఆ చెయ్యే గెలిచేది. మిగిలిన రెండు సార్లు తప్పు కొన్నవాళ్ళది.

తనకు తెలియనిదాన్ని గట్టిగా చెప్పడానికి ఆయన ఎప్పుడూ భయపడలేదు. తెలిసినదాన్ని మెల్లగా చెప్పడానికి కూడా నేను భయపడేదాన్ని. పదేళ్ళలో షెడ్డు నుంచి వంకరగా బయటికి పోయిన బండ్లలో సగం ఆయనవి, సగం నావి.

నలుగురు మనుషులు, ఒక అరుగు

లాల్‌దర్వాజా దగ్గర ఒక గల్లీ లోపల ఉండే అండాలమ్మ రెక్కల డబ్బాకు ఆర్డరు చెప్పడానికి వచ్చింది. ఫుట్‌పాత్ మీద ఇడ్లీ బండి నడిపేది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ ఫుట్‌పాత్ పోయింది. రెండు గల్లీల అవతల ప్రింటింగ్ ప్రెస్ నడిపే ఒకాయన తన షట్టర్ ముందు పొద్దున ఐదు నుంచి పది దాకా నిలబడనిస్తానన్నాడు. రెండు షరతులు. శుభ్రమైన మూత బండి ఉండాలి. పదింటికల్లా అక్కడినుంచి తీసేయాలి. ఫలానా సోమవారం పొద్దున రాకపోతే, ఆ చోటు ఇప్పటికే రెండుసార్లు వచ్చి అడిగిన దోశల బండివాడికి ఇచ్చేస్తాడు.

బండి పెట్టుకోవడానికి ఆమెకు తన ఇంటి వాకిలి తప్ప వేరే చోటు లేదు. ఆ ఇంటికి పోవాలంటే గల్లీ మొదట్లో ఉన్న పాత రాతి కమాన్ కిందినుంచే పోవాలి. బండి కమాన్ దాటితే ఆమెకు బతుకుతెరువు ఉంది. దాటకపోతే లేదు. ఇంత సూటిగా ఉన్న పని నాకు మరొకటి తగల్లేదు.

కొలతకు నేనే వెళ్ళాను. కమాన్ కాలి పక్కన రాతి అరుగు. దాని మీద నలుగురు మగవాళ్ళు కూర్చుని పేపరు పంచుకుని చదువుతున్నారు. నడిమధ్య నిలబడి కర్రకు టేపు కట్టి ఎత్తాను. ఏడడుగుల పది అంగుళాలు. కమాన్ వంపు తిరిగి ఉంటుంది కాబట్టి పక్కల ఎత్తు కూడా తీయాలి. దానికి ఆ అరుగు ఎక్కాలి. వాళ్ళను లేవమనాలి.

వాళ్ళలో ఒక పెద్దాయన నా కర్రను చూసి, "ఏం బిడ్డా, కమాన్ కొనుక్కపోతవా ఏంది?" అన్నాడు. మిగతా ముగ్గురూ నవ్వారు. చెడ్డ నవ్వేమీ కాదు. అయినా నా చెవులు వేడెక్కాయి. టేపు చుట్టుకుని వచ్చేశాను. షెడ్డుకు వచ్చి కాగితం మీద "పక్కల ఏడున్నర" అని రాశాను. శ్రీశైలం అన్న కనీసం చెయ్యి ఎత్తేవాడు. నేను అది కూడా చేయలేదు.

నేల నుంచి డబ్బా కప్పుకు ఏడడుగుల నాలుగు అంగుళాలు గీశాను. చదరపు డబ్బా, పదునైన మూలలు. గౌస్ భాయ్ కాగితం చూసి, "పక్కల నాప్ పక్కా హై నా?" అని అడిగాడు, కొలత ఖాయమేనా అని. అవునన్నట్టు తల ఊపాను.

శనివారం

అండాలమ్మ మరిది తన గూడ్స్ ఆటోకు ట్రైలరు తగిలించుకుని లాగుతున్నాడు. వెనక స్కూటరు మీద శ్రీశైలం అన్న, ఆటోలో గౌస్ భాయ్, నేను. మధ్యాహ్నానికి గల్లీ చేరాం. అండాలమ్మ గుమ్మడికాయ పట్టుకుని కమాన్ లోపల నిలబడి ఉంది.

ఆటో దాటింది. డబ్బా మూలలు రెండూ ఒకేసారి రాతికి తగిలాయి. రేకు కీచుమంది. మధ్యలో అరడుగు సందు ఉంది, చెయ్యి పెట్టొచ్చు. మూలల దగ్గర మాత్రం మూడు అంగుళాలు ఎక్కువైంది. ఇళ్ళలోంచి జనం వచ్చారు. అరుగు మీది నలుగురూ పేపరు మడిచారు.

శ్రీశైలం అన్న స్కూటరు దిగి, కమాన్‌ను కాక అండాలమ్మను చూశాడు. "గిదేందమ్మా? నువ్వే గద ఎనిమిదడుగులుంటదంటివి?"

"నేనేడ అన్న? నేను ఇడ్లీలు లెక్కవెడ్త గని కమాన్లు కొలుస్తనా? మీ పిల్లే అచ్చి కొలుసుకపాయె."

"మస్తుమంది గిట్లనే అంటరు. ఏం ఫికర్ జేయకు. వాపస్ తీస్కపోతం. ఓ పదిహేను దినాలైనంక నిమ్మలంగ జూస్తం."

"పదిహేను దినాలా? ఎల్లుండి సోమారం అన్నా! ఎల్లుండి నేను ఆ షెట్టర్ ముంగట లేకుంటే ఆ దోశలోడు ఉంటడు. నీ పదిహేను దినాలు నేనేం జేసుకోను, చట్నీల కలుపుకోవాల్నా?"

జనం నవ్వారు. ఆమె నవ్వలేదు. చేతిలో గుమ్మడికాయ అలాగే ఉంది. తప్పు తనదేనేమో అని ఆమె కూడా ఒక క్షణం ఆలోచించడం ఆ ముఖంలో కనిపించింది. నేను చూడలేకపోయింది అదే.

"కొలత తప్పు నాది," అన్నాను.

ఎవరికీ వినబడలేదు. గౌస్ భాయ్‌కి వినబడింది. "జర జోర్‌సే మేడం," అన్నాడు, నా వైపు చూడకుండానే.

"కొలత తప్పుగ తీసింది నేను. అండాలమ్మది కాదు. పక్కల కొలవనే లేదు. అందాజకు రాసిన."

గల్లీ అంతా నన్ను చూసింది. అది నేననుకున్నంత ఘోరంగానే ఉంది. ఆ తర్వాత ఏమీ కాలేదు, భూమి ఉన్నచోటే ఉంది. శ్రీశైలం అన్న పళ్ళు బిగించి, "నిన్నెవలు మాట్లాడుమన్నరు?" అన్నాడు. అండాలమ్మ నా దగ్గరకు వచ్చింది.

"ఎందుకు కొలవకపోయినవ్ బిడ్డా?"

"ఆడ వీళ్ళు కూసున్నరు."

"అయితే?"

ఆమె అరుగు వైపు చూసి, మళ్ళీ నన్ను చూసింది. "వీళ్ళు నా పెండ్లయిన కాడికెల్లి గాడనే కూసున్నరు. లెవ్వుమంటే లేస్తరు. లెవ్వుమన్నోళ్ళే లేరు."

కోత

మూలలు కోస్తే సరిపోతుందని గౌస్ భాయ్ అన్నాడు. శ్రీశైలం అన్న ఒప్పుకోలేదు. కొత్త రేకును నడి గల్లీలో కోస్తే షెడ్డు పరువేం కావాలన్నాడు. పరువు అప్పటికే రెండు మూలలా రాతికి ఇరుక్కుని ఉన్న సంగతి ఆయనకు కనబడలేదు. "రేపు నా చుట్టీ అన్నా. నా చుట్టీల నేనేం కోసుకుంటే మీకేంది?" అని గౌస్ భాయ్ ట్రైలరు కొక్కెం విప్పేశాడు. శ్రీశైలం అన్న స్కూటరు ఎక్కి వెళ్ళిపోయాడు.

బండిని వెనక్కి నెట్టి కమాన్ బయట ఒక పక్కగా పెట్టాం. నేను కర్ర తీసుకుని అరుగు దగ్గరకు వెళ్ళాను. "జర లేస్తరా? కొలవాలె," అన్నాను. నలుగురూ లేచారు. నన్ను ఆటపట్టించిన పెద్దాయన టేపు కొస పట్టుకున్నాడు కూడా. గోడనుంచి గోడకు అరడుగుకొకసారి ఎత్తు తీశాను. వంపు మొత్తం కాగితం మీదికి వచ్చింది. గోడకు అడుగు దూరంలో ఏడడుగుల ఒక్క అంగుళం. పావుగంట పని. ఇంతకే నేను వారాలపాటు భయపడ్డాను.

"మూలలు ఒక అడుగు కోసేద్దాం, ఒక అడుగైతే ఈజీ," అన్నాడు గౌస్ భాయ్.

ఇక్కడ ఒక మాట. పదేళ్ళలో మేం గేట్లు కొలిచాం, పొయ్యిలు కొలిచాం, సిలిండర్లు కొలిచాం. లోపల నిలబడే మనిషిని ఎన్నడూ కొలవలేదు. మగవాడి ఎత్తు ఒకటి అనుకుని గీసేవాళ్ళం. అండాలమ్మ మా బొమ్మల్లోని ఆ మగవాడికి భుజం దాకా కూడా రాదు.

"అండాలమ్మా, జర గోడకు ఆనుకొని నిలబడు."

"నన్ను గూడ కొలుస్తవా? శవానికి కొలిచినట్టు!"

నాలుగడుగుల పది అంగుళాలు. ఆమె నిలబడేది నేలకు ఇరవై అంగుళాల ఎత్తులో ఉన్న బండి పలక మీద. అడుగు కోస్తే బల్ల దగ్గర నిలబడ్డప్పుడు ఏటవాలు రేకు ఆమె నెత్తికి తగులుతుంది. తొమ్మిది అంగుళాలు కోస్తే పైన ఒక అంగుళం మిగులుతుంది. కమాన్ వంపుకూ అది చాలు.

"ఒక్క అంగుళమా? మరి నా కొప్పు?"

"కొప్పు ఎనకకు ఏస్కో అమ్మా," అన్నాడు గౌస్ భాయ్. "మేడం ఈసారి వెంట్రుక గూడ లెక్కవెట్టింది."

ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టాం. అండాలమ్మ ఇంటినుంచి కరెంటు వైరు లాగి, రివెట్లు తొలిచి, రేకు దించి, కాళ్ళను పైనుంచి తొమ్మిది అంగుళాలు కోసి, వాటి మీద ఏటవాలుగా గొట్టాలు అతికి, మళ్ళీ రేకు వేశాం. కబ్జాలు కిందికి జరిగాయి, రెక్క పొట్టిదైంది. గల్లీవాళ్ళంతా సలహాలిచ్చారు. ఒక్కటీ పనికిరాలేదు. గౌస్ భాయ్ ఒక్కడే ఉంగరంతో రేకు చుట్టూ కొట్టుకుంటూ వెళ్ళి, రెండు చోట్ల ఆగి, మళ్ళీ రివెట్ వేశాడు. వెల్డింగ్ పొగకు నాకు దగ్గు వచ్చింది. అప్పుడు దాన్ని లెక్కచేయలేదు. చేయాల్సింది. మీరు మాస్కు పెట్టుకోండి. పెట్టుకోనివాళ్ళు మిమ్మల్ని చూసి నవ్వుతారు. ఆ నవ్వేవాళ్ళ దగ్గును పదేళ్ళ తర్వాత వినండి.

పొద్దు ఇంకా ఉండగానే బండిని నెట్టాం. మూలలకు రెండు వైపులా నాలుగు వేళ్ళ సందుతో లోపలికి పోయింది. అండాలమ్మ గుమ్మడికాయ పగలగొట్టింది.

సోమవారం

ఐదింటికి నేనూ వెళ్ళాను. కమాన్ కిందినుంచి బయటికి రావడం చూడాలని. లోపలికి పోయింది బయటికి రాదేమోనన్న భయం నాకొక్కదానికే ఉంది. వచ్చింది.

ప్రెస్ షట్టర్ ముందు రెక్క ఎత్తారు. అండాలమ్మ బల్ల వెనక నిలబడింది. నెత్తికీ రేకుకూ మధ్య ఒక్క అంగుళం. కొప్పు వెనక్కి వేసుకుంది. మొదటి ఇడ్లీ ప్లేటు నాకు ఇస్తుందేమో అనుకున్నాను. ఇవ్వలేదు. వరుసలో నిలబడమంది.

కాసేపటికి శ్రీశైలం అన్న స్కూటరు ఆగింది. బండి చుట్టూ తిరిగాడు. కోసిన భుజాన్ని చేత్తో నిమిరాడు. ఫోను తీసి నాలుగు వైపులనుంచీ ఫోటోలు తీసుకున్నాడు. "మంచిగొచ్చింది గదా, నేను జెప్తనే ఉన్న," అన్నాడు. ఎవరితో ఎప్పుడు చెప్పాడో అక్కడ ఎవరూ అడగలేదు. మరో వారానికి ఆ ఫోటో షెడ్డు బోర్డు మీదికి ఎక్కింది, గాలిని కోస్తుందని.

ఆరవుతుండగా వీధి చివరనుంచి దోశల బండివాడు వచ్చాడు. పెనం, పిండి గిన్నె, అన్నీ సర్దుకుని, బండి తోసుకుంటూ. షట్టర్ ముందు లేచి ఉన్న రెక్కను దూరంనుంచే చూసి ఆగాడు. బండిని ఒక పక్కకు పెట్టి, చేతులు తుడుచుకుంటూ వచ్చి వరుసలో నా వెనక నిలబడ్డాడు.

అతని వంతు వచ్చినప్పుడు అండాలమ్మ తల ఎత్తకుండానే నాలుగు ఇడ్లీలు పెట్టింది. ఒక గరిటె చట్నీ వేసి, ముఖం చూసి, ఇంకో గరిటె వేసింది.

"తిను అన్నా. నడవాలె గద చాన దూరం."